గడువుకు ముందే ఖాళీ చేస్తానంటే అడ్వాన్సులో ఎంత పట్టుకోవచ్చు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు పోయి నాలుగేళ్ళయింది. కింద నేను ఉంటూ పైవాటా అద్దెకిస్తున్నాను. పోయిన నవంబరు ఒకటో తేదీ నుంచి, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ఒక అబ్బాయీ అతని భార్యా ఉంటున్నారు. అద్దె నెలకు 14,000 రూపాయలు, అడ్వాన్సు మూడు నెలలది 42,000. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రెండేళ్ళకు అగ్రిమెంటు రాసుకున్నాం కానీ రిజిస్టరు చేయించలేదు. మొదటి ఏడాది ఖాళీ చేయకూడదనీ, చేస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వననీ, ఎప్పుడు వెళ్ళాలన్నా రెండు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ అందులో ఉంది. ఇప్పుడు హైదరాబాదుకు బదిలీ అయిందనీ, ఈ జూన్ నెలాఖరుకు ఖాళీ చేస్తాననీ ఐదో తేదీన వాట్సాప్‌లో చెప్పాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఏమో, అక్టోబరు దాకా మిగిలిన నాలుగు నెలల అద్దె 56,000 అడగమనీ, అడ్వాన్సు పట్టుకుని మిగతా 14,000 ఇచ్చేదాకా సామాను దించనివ్వొద్దనీ అంటున్నాడు. ఆషాఢం ముందుంది, కొత్తవాళ్ళెవరూ దిగరు. మేడ కట్టడానికి తీసుకున్న లోను వాయిదా నెలనెలా కట్టాలి. అడ్వాన్సు డబ్బు కూడా మెట్లకు గ్రిల్లు పెట్టించడానికీ, మోటారు మార్పించడానికీ అయిపోయింది. నేనేం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయి చెప్పిన రెండు మాటలకు సమాధానం చెప్పి, తర్వాత మీరు చేయవలసిన పనికి వస్తాను. సామాను దించనివ్వకుండా ఆపడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. నాలుగు నెలల అద్దె మొత్తం వసూలు చేయడం కూడా మీ దగ్గరున్న కాగితంతో సాధ్యపడదు. అలాగని ఆ అబ్బాయి నెలాఖరున తాళంచెవి మీ చేతిలో పెట్టి 42,000 రూపాయలూ పూర్తిగా తీసుకుపోవాలని నేను అనను. గడువుకు ముందే వెళ్ళిపోవడం వల్ల మీకు నిజంగా ఎంత నష్టం వస్తుందో అంత పట్టుకుని, మిగిలినదానికి లెక్క రాసి తిరిగి ఇవ్వాలి. చట్టం చెప్పేదీ అదే, నా మనసుకు న్యాయమనిపించేదీ అదే.

సామాను సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. అద్దె బాకీ ఉన్నా లేకపోయినా, వాళ్ళ మంచాలూ బీరువాలూ వాళ్ళవే. గేటుకు తాళం వేసినా, నీళ్ళ మోటారు ఆపినా, పైవాటాకు కరెంటు తీయించినా, అప్పటిదాకా మాట తప్పినది అతను అయితే, ఆ క్షణం నుంచి తప్పు మీ మీదికి వస్తుంది. అతను పోలీసు స్టేషనుకు వెళితే, సంజాయిషీ చెప్పుకోవలసింది ఒంటరిగా ఉంటున్న మీరే తప్ప బెంగళూరులో ఉన్న మీ అబ్బాయి కాదు.

ఇక అగ్రిమెంటు. ఏడాదికి మించిన కాలానికి ఇల్లు అద్దెకిచ్చినప్పుడు ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షనూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షనూ చెబుతున్నాయి. చేయించని పత్రంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదని అదే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను చెబుతుంది. మీరు రాసుకున్నది రెండేళ్ళ అగ్రిమెంటు కనుక, మొదటి ఏడాది కదలకూడదన్న షరతును ఆ కాగితం ఆధారంగా కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం. అటువంటప్పుడు నివాస గృహాన్ని నెలనెలా అద్దెకిచ్చినట్టుగానే చట్టం చూస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం ఇరువైపులా ఎవరైనా పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. నోటరీ సంతకం వేయించుకున్నారా లేదా అన్నది మీరు రాయలేదు. వేయించుకుని ఉన్నా అది రిజిస్ట్రేషనుకు సాటి రాదు.

ఒకవేళ ఆ పత్రం సవ్యంగా రిజిస్టరు అయి ఉన్నా, అడ్వాన్సు మొత్తం మీ సొంతమైపోయేది కాదని తెలుసుకోవాలి. ఒప్పందం తప్పితే ఇంత సొమ్ము చెల్లించాలని ముందే రాసుకున్నప్పుడు, ఆ రాసుకున్న సొమ్ము గరిష్ఠ పరిమితి మాత్రమేననీ, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుందనీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను అంటుంది. దానికి ముందున్న 73వ సెక్షను వివరణలో ఇంకొక మాట ఉంది: నష్టం ఎంతో లెక్కగట్టేటప్పుడు, ఆ నష్టాన్ని తగ్గించుకోవడానికి నష్టపోయినవారికి ఏయే దారులు అందుబాటులో ఉన్నాయో కూడా చూడాలి. మీ విషయానికి దీన్ని అన్వయిస్తే అర్థం తేలికే. ఇల్లు ఖాళీగా ఉంచి, టులెట్ బోర్డు కట్టకుండా, అక్టోబరు దాకా అతని మీద అద్దె లెక్కవేసుకుంటూ కూర్చుంటే ఆ లెక్క చెల్లదు. బోర్డు కట్టి, నలుగురికీ చెప్పి, వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించి, అయినా నెల రోజులు ఖాళీగా ఉంటే ఆ నెల అద్దె నష్టం నిజమైన నష్టమే.

కాబట్టి మీ శ్రద్ధంతా ఇప్పుడు పెట్టవలసింది ఇల్లు మళ్ళీ ఎప్పుడు నిండుతుందన్న దానిమీద. అతను చెప్పినది వాట్సాప్‌లో కనుక, తేదీ వేసి సంతకం చేసిన ఒక చిన్న ఉత్తరం అడిగి తీసుకోండి. ఫలానా రోజున ఖాళీ చేస్తాను, అప్పటిదాకా అద్దె కడతాను, కొత్తగా వచ్చేవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వీలు కల్పిస్తాను అని అందులో ఉంటే చాలు. ఆ ఆఖరి మాట మీకు చాలా అవసరం. ఉద్యోగాలకు వెళ్ళే భార్యాభర్తలు ఉన్న ఇంటిని పగటిపూట ఎవరికీ చూపించలేరు. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకు తలుపు తీసి ఉంచుతారో ముందే మాట్లాడుకుంటే, అతను ఉన్న ఈ మూడు వారాలూ వృథా కావు. బదిలీ మీద వెళ్ళే మనిషికి అడ్వాన్సు ఎంత ఎక్కువ తిరిగి వస్తే అంత మేలు కనుక, తన ఆఫీసులో ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే అతనే తీసుకువస్తాడు. అలా వచ్చినవాళ్ళకు పాత అగ్రిమెంటును బదలాయించవద్దు. మనిషిని మీరు స్వయంగా చూసి, ఆధారు, ఉద్యోగం వివరాలు తీసుకుని, కొత్త కాగితం రాసుకోండి.

ఆషాఢం గురించి మీ భయం నాకు తెలుసు. ఆ నెలలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి మనవాళ్ళు ఇష్టపడరు. అయితే ఆ పట్టింపు అందరికీ ఉండదు. నేవీలో బదిలీ మీద వచ్చే కుటుంబాలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, విశ్వవిద్యాలయంలో చేరడానికి వచ్చే పిల్లలు పంచాంగం చూసుకుని రారు. ఆర్డరు ఎప్పుడు వస్తే అప్పుడే, అడ్మిషన్ ఎప్పుడైతే అప్పుడే ఇల్లు వెతుక్కుంటారు. పట్టింపు ఉన్న కుటుంబాల్లో కూడా, జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకుని, సామాను ఆ తర్వాత తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. అటువంటివాళ్ళు దొరికితే ఒక ఉదయం గంటసేపు వంటగది ఖాళీగా ఇవ్వమని మీ పైవాటా అమ్మాయిని అడగండి. స్టవ్ ఒకటి, గిన్నె ఒకటి తెచ్చుకుంటారు, దేవుడి పటం పెట్టుకుని పాలు పొంగించుకుని వెళతారు. ఆ గంట మీకు ఒక నెల అద్దె మిగల్చవచ్చు.

ఇప్పుడు లెక్క. చట్టాన్ని అక్షరాలా పట్టుకుంటే అతను పదిహేను రోజుల నోటీసు చాలు అనవచ్చు. కానీ రెండు నెలల ముందు చెబుతానని సంతకం చేసినది అతనే, చదువుకున్న మనిషి, ఆ మాటకు విలువ ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు. నా సూచన ఇది: జూన్ ఐదు నుంచి రెండు నెలలు అంటే ఆగస్టు ఐదు, ఆ తేదీ గానీ, కొత్తవాళ్ళు దిగిన తేదీ గానీ, ఏది ముందైతే అంతవరకే అద్దె నష్టాన్ని అతని మీద వేయండి. కొత్తవాళ్ళు ఆగస్టు ఒకటిన దిగారనుకుందాం. జూలై అద్దె 14,000. బ్రోకరు ద్వారా వచ్చి మీరు సగం నెల అద్దె ఇచ్చి ఉంటే 7,000. ఆఖరి కరెంటు బిల్లు 1,850 వచ్చిందనుకుంటే, అన్నీ కలిపి 22,850. అడ్వాన్సులో ఇది పోను 19,150 అతనికి తిరిగి ఇవ్వాలి. కొత్తవాళ్ళు జూలై పదహారునే వస్తే అద్దె నష్టం దాదాపు ఏడువేలకు తగ్గుతుంది, బ్రోకరు లేకుండా వస్తే ఆ ఖర్చూ ఉండదు. ఈ లెక్కను అతనికి ఇప్పుడే చెప్పండి. ఇల్లు ఎంత త్వరగా నిండితే తనకు అంత ఎక్కువ డబ్బు తిరిగి వస్తుందని తెలిస్తే, అతను కూడా మీతో కలిసి వెతుకుతాడు.

గోడల రంగులు, మరమ్మతుల పేరుతో ఇందులో మళ్ళీ కోతలు వేయడం మన ఊళ్ళో బాగా అలవాటు, గొడవలు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలను మినహాయించి, ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించడం అద్దెకున్నవారి బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతుంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న మనం ఈ సహజమైన అరుగుదల అన్న మాటను ఇంకొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మీ పైవాటాలో తూర్పువైపు కిటికీ దగ్గరికి వెళ్ళి గ్రిల్లు మీద వేలు పెట్టి చూడండి. పెయింటు పైకి బాగానే కనిపిస్తుంది కానీ వేలు నొక్కితే చిన్న పొక్కులుగా చేతికి తగులుతుంది, గోటితో గీకితే లోపల ఎర్రటి తుప్పు రాలుతుంది. కిటికీ బందుల చుట్టూ, బాల్కనీ రెయిలింగు కింది అంచున కూడా ఇదే కనిపిస్తుంది. అది ఉప్పుగాలి చేసిన పని. ఆ ఇంట్లో ఎవరున్నా, ఎవరూ లేకపోయినా జరిగేదే. దానికి ఎనిమిది నెలలున్న కుటుంబాన్ని బాధ్యులను చేయకూడదు. అదే వంటగదిలో చిమ్నీ గొట్టం కోసం మిమ్మల్ని అడగకుండా గోడకు రంధ్రం కొట్టించి ఉంటే, గ్రానైటు బల్ల అంచు పగిలి ఉంటే, కమోడు మూత విరిగి ఉంటే అవి వాడకం కాదు, నష్టం. మేస్త్రీని పిలిచి బాగుచేయించి, అతను ఇచ్చిన చీటీ ప్రకారం ఆ డబ్బు తగ్గించుకోండి. రంగులకు ఒక నెల అద్దె అని కళ్ళు మూసుకుని కోయవద్దు. ఎనిమిది నెలలకే ఇల్లంతా రంగులు వేయించవలసిన అవసరం రాదు. మరకలు పడిన గోడ ఏదైనా ఉంటే ఆ గోడ వరకు ఖర్చు అడగండి.

అడ్వాన్సు ఖర్చయిపోయిందన్న మాటను మీరు ఉత్తరం చివర, అన్నిటికంటే చిన్నదిగా రాశారు. నాకు మాత్రం మీ దిగులంతా అక్కడే ఉన్నట్టు తోచింది. అతను నెలాఖరున చేయి చాపితే ఇవ్వడానికి మీ దగ్గర లేదు. అందుకే అడ్వాన్సు ఇవ్వక్కర్లేదని ఎవరైనా చెబితే బాగుండునని అనిపిస్తోంది. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు, చాలా ఇళ్ళల్లో జరిగేదే. కానీ ఈ ఇబ్బందిని అగ్రిమెంటు షరతు వెనక దాచకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అక్కయ్యపాలెంలో ఒక వాటా ఖాళీ చేసినప్పుడు, ఆ ఇంటాయన నా అడ్వాన్సు కోసం అయిదు నెలలు తిప్పుకున్నారు. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త మరమ్మతు చెప్పేవారు. డబ్బు లేదని మొదటిరోజే చెప్పి ఉంటే నేను సంతోషంగా ఆగేవాణ్ణి; ఆ ఇంట్లో మూడేళ్ళు వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళితే నాకు గుర్తొచ్చేది ఆ తిప్పించుకోవడమే.

అదృష్టవశాత్తూ మీ లెక్క స్వభావం వల్లనే మీకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఇల్లు ఎప్పుడు నిండుతుందో తెలిసేదాకా ఆఖరి అంకె తేలదు కదా. అందువల్ల నెలాఖరున మొత్తం ఇవ్వనక్కర లేకుండా, ఆగస్టు పదో తేదీ లోగా తేల్చి, అతని ఖాతాలో వేస్తానని రాసి ఇవ్వండి. ఈ మధ్యలో కొత్తవాళ్ళ అడ్వాన్సు మీ చేతికి వస్తుంది. ఎవరూ రాకపోతే ఏమిటన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. అప్పుడు ఆగస్టు అయిదు దాకా నష్టం పోను మిగిలే పాతిక వేల చిల్లరను మీ అబ్బాయి సర్దాలి. 56,000 వసూలు చేయమని సలహా ఇచ్చిన కొడుకు తల్లికి ఆ మాత్రం చేయగలడు. కొత్తవాళ్ళు ఇచ్చే అడ్వాన్సును మాత్రం వేరే ఖాతాలోనో, డిపాజిట్‌గానో విడిగా ఉంచండి. అది మీ దగ్గర దాచుకోవడానికి వాళ్ళు ఇచ్చిన సొమ్ము.

తాళంచెవి తీసుకునే రోజు పని పగటి వెలుతురులో పెట్టుకోండి. సామాను లారీ ఎక్కిన తర్వాత, ఇంకా అతను అక్కడ ఉండగానే, ఇద్దరూ కలిసి గది గదికీ తిరగండి. ప్రతి ఫ్యానూ లైటూ వేసి చూడండి, కుళాయిలు తిప్పండి, గీజరు పెట్టండి, అలమార తలుపులు తీసి మూయండి. కరెంటు మీటరు దగ్గర నిలబడి రీడింగు ఫోటో తీసి, ఆ అంకెను కాగితం మీద కూడా వేయండి, ఎందుకంటే ఆ నెల బిల్లు వచ్చేసరికి అతను హైదరాబాదులో ఉంటాడు. మీరు ఏ రాతా లేకుండా తాళంచెవి తీసుకుంటే, ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి ఒప్పుకున్నట్టే అవుతుంది, ఆ తర్వాత అద్దె నష్టం అడగడం చిక్కవుతుంది. అందుకని అక్కడికక్కడే ఇద్దరూ సంతకాలు చేసే ఒక కాగితం తయారుగా ఉంచుకోండి. దాదాపు ఇలా ఉంటే సరిపోతుంది:

"మనం ఇద్దరం ఒప్పుకుని ఈ అద్దె ఒప్పందాన్ని ఈ రోజుతో ముగించుకున్నాం. పైవాటా తాళంచెవులు మూడు, మీటరు రీడింగు ఇంత ఉండగా యజమానురాలికి అప్పగించడమైనది. జూన్ నెలాఖరు వరకు అద్దె ముట్టింది. అడ్వాన్సు 42,000 రూపాయల్లో నుంచి ఆఖరి కరెంటు బిల్లు, ఇంటికి జరిగిన ఈ కింది నష్టాల ఖర్చు, కొత్త అద్దెదారు దిగేవరకు లేదా ఆగస్టు 5 వరకు, ఏది ముందైతే అంతవరకు అద్దె, బ్రోకరుకు ఇచ్చినది ఉంటే అది తగ్గించి, మిగిలిన సొమ్మును ఆగస్టు 10 లోగా లెక్కతో సహా తిరిగి చెల్లించడానికి యజమానురాలు ఒప్పుకున్నారు. ఇవి తప్ప ఒకరికొకరు బాకీ లేరు."

రెండు ప్రతులు రాసి, చెరొకటి ఉంచుకోండి. సాక్షిగా పక్కింటివారు ఒకరు సంతకం చేస్తే ఇంకా మంచిది.

అతను ఈ లెక్కకు ఒప్పుకోకుండా మొత్తం అడ్వాన్సు కావాలని పట్టుబడితే, మీరు భయపడి ఇచ్చేయనవసరమూ లేదు, గొంతు పెంచనవసరమూ లేదు. విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు పెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. కేసు వేయకముందే ఇటువంటి చిన్న తగాదాలను లోక్ అదాలత్‌లో ఇరువైపులవారినీ కూర్చోబెట్టి తేలుస్తారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

వచ్చేసారి అగ్రిమెంటు గురించి కూడా చెబుతాను. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట అందరి నోటా వినిపిస్తుంది కానీ, మన రాష్ట్రంలో ఆ మాటను నమ్ముకుని కూర్చోవద్దు. సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో సుంకం ఎంతో కనుక్కుని, ఎన్ని నెలలకైనా సరే, రిజిస్టరు చేయించుకోండి. మూడు నెలల అడ్వాన్సు బదులు రెండు నెలలది తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకు రెండు నెలలకు మించవద్దనే అంటుంది, తిరిగి ఇవ్వడం మీకూ తేలికవుతుంది. బదిలీలు ఎక్కువగా ఉండే ఊరు మనది, నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు, కంపెనీల ఉద్యోగులే మన ఇళ్ళల్లో ఉంటారు. కనుక ఏడాదిలోపు బదిలీ వస్తే ఆర్డరు చూపించి రెండు నెలల నోటీసుతో వెళ్ళవచ్చునని, నోటీసు తక్కువైతే ఇల్లు నిండేదాకా ఆ మేరకు అద్దె ఇవ్వాలని సూటిగా రాయించండి. ఆ ఒక్క షరతు ఇప్పుడు ఉండి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు.

ఈ రోజు సాయంత్రం అతను ఆఫీసు నుంచి వచ్చాక పైకి వెళ్ళి మాట్లాడండి. లెక్క కాగితం చేతిలో ఉంచుకోండి, అడ్వాన్సు ఖర్చయిన సంగతి కూడా అప్పుడే చెప్పేయండి.